ర్యాంపు మీద చెప్పులు

మా సంఘం వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున్నే ఆయన ఫొటో వచ్చింది, చుట్టూ బంతిపూల దండ బొమ్మతో. దోహాలో ఉద్యోగం విరమించి హైదరాబాద్ వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడే గుండెపోటుతో పోయారట. చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. మధ్యాహ్నానికి ఆయన "దివ్యాంగుల పెన్నిధి" అయ్యారు, సాయంత్రానికి "అపర కర్ణుడు" అయ్యారు. చచ్చినవాడి కళ్ళు చారెడని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

అంతలో సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "మేడమ్, మీరు ఆయనతో కమిటీలో పనిచేశారు కదా. సంతాప సంచిక వేస్తున్నాం. నాలుగు మంచి మాటలు రాసివ్వండి" అన్నాడు. సరేనని వెతకడం మొదలుపెట్టాను. వేళకి వచ్చేవారు. సంఘం సొమ్ములో చిల్లిగవ్వ కూడా సొంతానికి ముట్టలేదు. ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అందుకని సంచికకి పనికిరానివన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. అచ్చులో పేరు కనబడితే ఆయనకి ఎక్కడున్నా సంతోషం కలుగుతుంది. ఆ సంతోషం నా చేతుల మీదుగా కలగడం నాకిష్టం లేదు.

మా సంఘానికి దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఒక పాత విల్లా అద్దెకుంది. శుక్రవారాలు అక్కడే పిల్లలకి తెలుగు క్లాసు, మధ్యాహ్నం నుంచి భజన, తర్వాత అందరికీ భోజనాలు. ఇక్కడ వ్యాపారాలు చేసుకునే మనవాళ్ళు కొందరు కలిసి ఒక నిధి పెట్టారు. ఒంట్లో ఏదో ఒక లోపం ఉన్నవాళ్ళు కూడా మన కార్యక్రమాలకి మనలాగే రాగలగాలి, అందుకు ఏం కావాలో అడిగితే ఇవ్వాలి. ఉద్దేశం బంగారం లాంటిది. వచ్చిన అర్జీలని మదింపు చేయడానికి ముగ్గురితో కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయన. రెండో మనిషి ఒక కాంట్రాక్టరు, ఆయన తానంటే ఇతను తందానా. మూడోదాన్ని నేను, ఆ వీధిలోనే ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు రాసుకునేదాన్ని. ఆయనది మా జిల్లాయే, ఏం చేస్తాం.

ఎంత ఎండలోనైనా ఆయన చొక్కా గంజి విరగకుండా ఉండేది. ఏ గదిలోకి వచ్చినా ముందు కెమెరా ఎటుందో చూసుకుని, తర్వాత కూర్చునేవారు. జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళుండేవి, ఒకటి చెమటకి, ఒకటి కన్నీళ్ళకి. ఎవరు ఏ కష్టం చెప్పబోయినా కుడిచెయ్యి గాల్లో ఊపి "మాఫీ ముష్కిల్" అనేవారు. మాఫీ అంటే లేదు; ఫరవాలేదు, ఏ ఇబ్బందీ లేదు అని. ఇరవై ఏళ్ళ పైన ఖతర్‌లో ఉండి ఆయన నేర్చిన అరబ్బీ ఆ రెండు ముక్కలే.

ఆయన మదింపు చేసే పద్ధతి ఒకటుండేది. అర్జీ చదవడం అయ్యాక కళ్ళు మూసుకుని, కాగితం మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండేవారు. కాంట్రాక్టరు ఊపిరి బిగబట్టేవాడు. కళ్ళు తెరిచి "ఫీల్ రావట్లేదండీ" అన్నారంటే ఆ అర్జీ పని అయిపోయినట్టే. ఏం కావాలో సూటిగా అడిగితే ఆయనకి ఫీల్ వచ్చేది కాదు. బాధ చెప్పాలి, గొంతు పూడుకోవాలి, వీలైతే అడిగేవాళ్ళు ఏడవాలి. అప్పుడు ఆయన కూడా ఏడ్చేవారు. ఆ కన్నీళ్ళు దొంగవని నేననను, నిజమైనవే. నాకు అసహ్యం పుట్టించింది అదే. మంచి భోజనం చేసినట్టు తృప్తిగా ఏడ్చి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఇక బిర్యానీకి లేద్దామా" అనేవారు.

ఒకసారి చూపు లేని ఒక పాపని తీసుకుని వాళ్ళమ్మ వచ్చింది. తెలుగు క్లాసు పాఠాలు ఎవరితోనైనా చదివించి రికార్డు చేయించి ఇస్తే, పాప ఇంట్లో వింటూ నేర్చుకుంటుందని అడిగింది. ఆ పాప వేమన పద్యాలు గడగడా చెప్పింది. ఈయన రెండో రుమాలు తీశారు. ఆ నెలలోనే సభ పెట్టి, పాపని వేదిక మీదకి పిలిచి, ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. చూపు లేని పిల్ల చేతిలో అద్దాల ఫ్రేము! ఆ పాప దాన్ని వేళ్ళతో తడిమి "ఇదేంటమ్మా, కిటికీయా?" అని అడిగింది. మైకులో అందరికీ వినబడింది. ఎంత ముద్దుగా అడిగిందోనని ఈయనే అందరికంటే గట్టిగా నవ్వారు. పాఠాలు రికార్డు కాలేదు.

ఇంకోసారి ఎవరో దాత చక్రాల కుర్చీ ఒకటి ఇచ్చాడు. అది తీసుకోవాల్సిన మనిషి రావడం ఆలస్యమైంది, ఫొటోగ్రాఫరు తొందరపడుతున్నాడు. "మాఫీ ముష్కిల్" అని ఈయనే కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలేసుకుని ఫొటో దిగారు. మొన్న గ్రూపులో పెట్టిన ఫొటోల్లో అది కూడా ఉంది.

ఇవన్నీ నవ్వి ఊరుకునేవే. ఇప్పుడు చెప్పబోయేది నవ్వి ఊరుకునేది కాదు.

మా భజనకి డోలక్ వాయించేవాడు ఒకతను ఉండేవాడు. జగిత్యాల పక్క పల్లె. దోహాకి దూరంగా మెసయీద్ పారిశ్రామికవాడలో పని చేస్తూ పైనుంచి పడి నడుము కిందికి పట్టు పోయింది, అప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే తిరిగేవాడు. కంపెనీ అతన్ని పంపించేయకుండా హాజరు రాసే టైమ్ ఆఫీసులో కూర్చుని చేసే డ్యూటీ ఇచ్చింది. కార్మికులుండే క్యాంపులో కింది అంతస్తు గది ఇచ్చి, బాత్రూముకి వెడల్పు తలుపు కూడా పెట్టించింది. శుక్రవారం ఒక కడప డ్రైవరు తన పికప్‌లో ఎక్కించుకుని తీసుకొచ్చేవాడు. వాళ్ళిద్దరికీ క్యాంపులో స్నేహం. అతను డోలక్ మీద చెయ్యి వేశాడంటే ముసలివాళ్ళు కూడా నిటారుగా కూర్చునేవాళ్ళు. మనిషికి నా తమ్ముడి వయసుంటుంది. నన్ను అక్కా అనేవాడు.

భజన అయ్యీ అవకుండానే అతను వెళ్ళిపోయేవాడు. ఒక్కరోజు కూడా భోజనానికి ఆగలేదు. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినా పక్కన పెట్టేసేవాడు. తలపొగరని కొందరు, మన వంటలు పడవేమోనని కొందరు అనుకునేవాళ్ళు. నేనొకసారి కడప డ్రైవరుని అడిగాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయప్ప పొద్దున లేచినకాడి నుంచి చుక్క నీళ్ళు తాగడు మేడమ్, చాయ్ గూడ ముట్టడు. ఈడ బాత్రూములోకి కుర్చీ పట్టదు గదా. తాగితే యాడికి పోవాల?" అన్నాడు.

మన మధ్య కూర్చుని మన దేవుడికి డోలక్ వాయించడానికి ఒక మనిషి, ఖతర్ ఎండల్లో పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా వస్తున్నాడు. మన నిధి ఇందుకు కాకపోతే ఇంకెందుకు? అర్జీ పెట్టమని నేనే చెప్పాను. బాత్రూము తలుపు వెడల్పు చేయాలి, గడప తీసేయాలి, గోడకి పట్టుకునే కడ్డీ ఒకటి బిగించాలి. అతను అడిగింది అంతే.

ఈయన మదింపుకి విల్లాకి వచ్చారు. డోలక్ తమ్ముడు కుర్చీలో ఉన్నాడు, కడప డ్రైవరు వెనక నిలబడ్డాడు. ఈయన, కుర్చీలో ఉన్న మనిషి తల మీదుగా డ్రైవరు ముఖం చూస్తూ "ఈయన సమస్య ఏంటట?" అని అడిగారు.

"ఆయప్పకు నోరుంది గదా సార్. ఆయప్పనే అడగండి" అన్నాడు డ్రైవరు.

ఆయన అడగలేదు. అడగకుండానే తమ్ముడు జవాబు చెప్పాడు. "సమస్య నాకు లేదు సారూ. తలుపుకున్నది. అది సన్నగున్నది."

ఈయన డ్రైవరుతోనే "పాపం, మాట స్పష్టంగానే వస్తోందే!" అని మెచ్చుకున్నారు. ఆ మనిషి పడ్డది కాళ్ళ మీద, నాలుక మీద కాదని ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను. ఆయన నవ్వి "మేడమ్‌కి కోపం ఎక్కువ" అన్నారు కాంట్రాక్టరుతో. కాంట్రాక్టరు కూడా నవ్వాడు.

తర్వాత కమిటీ కూర్చుంది. ఆయన అరచెయ్యి కాగితం మీద పెట్టారు. ఫీల్ రాలేదు. "అతను ఏడవలేదు, గమనించారా? పైగా మరుగుదొడ్డి అంటున్నాడు. దాతలని పిలిచి ఏం చూపిస్తాం? రిబ్బన్ ఎక్కడ కడతాం? పాయిఖానా తలుపు మీద దాతల పేర్లతో శిలాఫలకం పెడతామా?" అన్నారు.

"రిబ్బన్ కట్టకండి, ఫలకం పెట్టకండి. తలుపు వెడల్పు చేసి ఊరుకోండి. ఒక మనిషి మంచినీళ్ళు తాగుతాడు" అన్నాను.

"మీరు చిన్నగా ఆలోచిస్తున్నారమ్మా" అన్నారు. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు ఆ మహానుభావుడికి. ఆయన పెద్దగా ఆలోచించి, ముందు గుమ్మానికి ర్యాంపు కట్టిద్దామన్నారు. గుమ్మానికున్నవి పొట్టి మెట్లు. డ్రైవరు కుర్చీని వెనక్కి వంచి సులువుగా ఎక్కించేవాడు, ఎవరూ ర్యాంపు అడగలేదు. అదీ చెప్పాను. ఓటు పెట్టారు. కాంట్రాక్టరు చెయ్యెత్తాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. నేను సొంతంగా చేయిస్తానంటే, కమిటీ కాదన్న పని విల్లాలో చేయడానికి వీల్లేదని తీర్మానం కూడా రాయించారు.

ర్యాంపు లేచింది. పక్కన నల్లరాయి ఫలకం, బంగారు రంగు అక్షరాలు, అన్నింటికంటే పైన ఆయన పేరు. ర్యాంపు మీదే కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు.

ఆ తర్వాత శుక్రవారం ఏం జరిగిందో మన తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. గుమ్మం దగ్గర నున్నగా, వెడల్పుగా, నీడపట్టున ఒక జాగా కనబడితే మనం ఏం చేస్తాం? చెప్పులు విప్పుతాం. అంతకుముందు మెట్ల మీద ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునే చెప్పులు, బూట్లు, పిల్లల శాండళ్ళు, అన్నీ ర్యాంపు మీద హాయిగా బారులు తీరాయి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. హారతిచ్చిన చోట చెప్పులేంటని ఒకరిద్దరు నసిగారు కూడా. కానీ కొత్తగా వచ్చేవాడు ముందు విప్పినవాడి చెప్పుల పక్కనే విప్పుతాడు. నేను వెళ్ళినప్పుడల్లా పక్కకి నెట్టేదాన్ని, హారతి అయి బయటికొచ్చేసరికి మళ్ళీ నిండిపోయి ఉండేవి. పైగా మెట్లలో సగం ర్యాంపే ఆక్రమించింది కాబట్టి కుర్చీ వంచి ఎక్కించడానికీ చోటు పోయింది. ఉన్న దారి కూడా ఊడింది.

కొన్నాళ్ళకి ఈయన ఫలితాల మదింపుకి వచ్చారు. నడుం మీద చేతులు పెట్టుకుని, చెప్పులతో నిండిన ర్యాంపుని తేరిపార చూశారు. ఆ ముఖంలో సిగ్గు కోసం నేను కాచుకుని ఉన్నాను. "చూశారా మేడమ్, కాలు పెట్టడానికి ఖాళీ లేదు. జనం ఎంత బాగా వాడుకుంటున్నారో!" అన్నారు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఫలకం పడేలా, చెప్పులు పడకుండా ఫొటో తీయించుకుని, తాను కూడా బూట్లు విప్పి ఆ ర్యాంపు మీదే పెట్టి లోపలికి వెళ్ళారు.

నిధి వార్షికోత్సవం విల్లాలోనే చేశారు. లబ్ధిదారుడికి సన్మానం అని డోలక్ తమ్ముణ్ణి పిలిపించారు. ఆ మధ్య అతను రావడం తగ్గించేశాడు. ఆ రోజు కూడా కడప డ్రైవరు బతిమాలితే వచ్చాడు. గుమ్మం ముందు కుర్చీ ఆగింది. ఎదురుగా చెప్పుల సముద్రం. నేను వంగి తీస్తున్నాను, డ్రైవరు తీస్తున్నాడు. లోపల మైకులో అతని పేరు పిలుస్తున్నారు. "చెప్పులు తీయుండ్రి, నన్ను లేపకుండ్రి" అని తమ్ముడు అంటూనే ఉన్నాడు. వాలంటీర్లు వినలేదు. నలుగురు నాలుగు వైపులా పట్టి, కుర్చీతో సహా ఉత్సవ విగ్రహంలా లేపి వేదిక మీద దించారు. అతను రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఒకసారి పైనుంచి పడ్డ మనిషి కదా.

ఈయన శాలువా కప్పారు, అదీ కెమెరా వైపు తిరిగి, మనిషిని చూడకుండా. శాలువా అంచు చక్రంలో చిక్కుకుంది. "మన ర్యాంపు మీదుగా ఈ సోదరుడు ఈ రోజు మన మధ్యకి వచ్చాడు!" అని మైకులో చెప్పి, రెండో రుమాలు తీశారు. హాలంతా చప్పట్లు. తమ్ముడు చెయ్యి చాపి మైకు అడిగాడు.

"నేను ర్యాంపు మీదికెంచి రాలె" అన్నాడు నిమ్మళంగా. "నన్ను మోసుకొచ్చిన్రు. ర్యాంపు మీద మీ చెప్పులున్నయి. నేను ర్యాంపు అడగలె గూడ. బాత్రూముకు తలుపు అడిగిన. అది మాఫీ. కనీసం నేను పోయేటప్పుడన్న చెప్పులు తీస్తరా? మళ్ళ లేపితే నాకు భయమైతది."

హాలు సూది పడితే వినబడేంత నిశ్శబ్దమైంది. కొందరు తలలు దించుకున్నారు. ఇంకొక్క క్షణం ఆ నిశ్శబ్దం నిలిచి ఉంటే ఏమైనా జరిగేది, ఎవరో ఒకరు లేచి బయటికి వెళ్ళి చెప్పులు తీసేవాళ్ళు. ఆ క్షణం ఆయన నిలవనివ్వలేదు. పకపకా నవ్వి, మైకు లాక్కుని "చూశారా, ఇంత కష్టంలో కూడా ఎంత హాస్యప్రియత్వం!" అని చప్పట్లు కొట్టారు. అందరూ హమ్మయ్యనుకుని చప్పట్లు కొట్టారు. ఒక మనిషి నోరు విప్పి అడిగినదాన్ని అందరి కళ్ళ ముందే అంత తేలిగ్గా మాయం చేసేశారు. ఆయనకి అది మోసమని కూడా తెలీదు. తెలిసి చేసే దుర్మార్గుడితో పోట్లాడొచ్చు, ఈయనతో ఎలా పోట్లాడతాం?

వెళ్ళేటప్పుడు నేనూ డ్రైవరూ చెప్పులన్నీ ఎత్తి ఇసకలోకి విసిరేశాం. నా జీవితంలో ఇష్టంగా చేసిన పనుల్లో అదొకటి. అందులో ఈయన నల్ల బూట్లని కాస్త దూరంగానే విసిరాను. తమ్ముడు ర్యాంపు మీదుగా దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాలేదు. డోలక్ మూలన పడింది. ఇప్పుడు ఫోన్లో పాటలు పెట్టుకుని భజన చేస్తున్నారు.

కొన్ని నెలలయ్యాక మరెవరో బాత్రూము సంగతి ఎత్తారు. ఈయన చెయ్యి ఊపారు. "ఎవరి కోసమండీ? ర్యాంపు కట్టినా ఒక్కడూ రావట్లేదు. దేవుడి దయవల్ల మనవాళ్ళలో దివ్యాంగులు లేరు" అన్నారు. కాంట్రాక్టరు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇవీ ఆ పెన్నిధి గారి గురించి నాకు తెలిసిన మాటలు. కార్యదర్శికి ఫోన్ చేసి, సంచికకి నేను రాయనని చెప్పేశాను.

ఈయన ఇండియా వెళ్ళిపోయాక అధ్యక్ష స్థానంలో కాంట్రాక్టరు కూర్చున్నాడు. పోయిన నెల అతనికి సౌదీలో పని తగిలింది. పోటీకి ఎవరూ లేక ఆ కుర్చీ నాకొచ్చింది. బాత్రూము తలుపు గురించి విల్లా యజమానిని అడిగితే "మంచి పని, చేసుకో" అని ఒక్క మాటలో సరేనన్నాడు. అంత తేలికైన పని అది.

నిన్న సాయంత్రం మెసయీద్‌కి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఆయన పోయారట" అన్నాను.

"అట్లనా అక్కా? ఎట్ల పోయిండు?"

"గుండె ఆగి."

"పాపం" అన్నాడు. ఆ ఒక్క మాటా అనడానికి కూడా నాకు అప్పటిదాకా నోరు రాలేదు. తర్వాత అడిగాడు. "మరి తలుపు ముచ్చట ఇప్పుడు ఎవలతోని చెప్పాలె?"

"ఎవరితోనూ చెప్పక్కర్లేదు. మేస్త్రీ రేపు వస్తున్నాడు. గురువారానికి పని అయిపోతుంది. గడప కూడా తీసేయమన్నాను. ర్యాంపు మీద చెప్పుల సంగతి నేను చూసుకుంటాను."

కృతజ్ఞతలు చెబుతాడేమోనని భయం వేసింది, అది వినే ఓపిక నాకు లేదు.

"అయితే అక్కా," అన్నాడు, నమ్మాలో వద్దో తేల్చుకోలేనట్టు, "శుక్రారం నేను పొద్దుగాల చాయ్ తాగి రావచ్చునా?"

ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం పిల్లల్ని సాకుతున్న మగమనిషి, కప్పు చాయ్ తాగడానికి నన్ను అనుమతి అడుగుతున్నాడు. "తాగి రా" అన్నాను. "వచ్చాక ఇక్కడ ఇంకోటి తాగుదువు గాని."